అదే గీత, వేరే నీళ్లు: ఆకేరు కొలతల డైరీ

వర్ధన్నపేట దగ్గర నాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. 2024 సెప్టెంబర్ 1న ఆకేరు పొంగినప్పుడు వాగు ఒడ్డు మోటార్లు కొన్ని కొట్టుకుపోయాయి, మిగిలినవి బురదతో నిండి నా షాపుకు వచ్చాయి. రెండు నెలలు అవే విప్పుకుంటూ కూర్చున్నాను. కాయిల్ సందుల్లోంచి సన్నటి ఇసుక రాలుతుంటే ఒక్కో రైతు ఒక్కో మాట చెప్పేవాడు. ఒకాయన రెండు నిలువులు వచ్చిందంటే ఇంకొకాయన మూడు నిలువులు అనేవాడు. చివరికి అందరూ అడిగింది ఒకటే: "ఈసారి మోటార్ ఎంత ఎత్తుల పెట్టాలె?" నా దగ్గర జవాబు లేదు.

అదే రోజు కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. పురుషోత్తమాయగూడెం వంతెన మీదుగా ఆకేరు పారింది. ఖమ్మంలో మున్నేరు 36 అడుగులు దాటింది. అంతకు ముందటేడు, 2023 జూలైలో, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, మోరంచపల్లి మునిగింది, కొండాయిలో జంపన్నవాగు ప్రాణాలు తీసింది. భద్రాచలంలో గోదావరికైతే 43, 48, 53 అడుగులకు మూడు హెచ్చరికలున్నాయి. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు అని అక్కడి చిన్నపిల్లలు కూడా చెప్తారు. మా వాగు సంగతి అట్లా లేదు. మనిషి పోయిన రోజే దాని పేరు పేపర్లో కనబడుతుంది. మామూలు రోజున ఎంత పారిందో మా ఊళ్లో ఎవరి దగ్గరా రాసి లేదు.

అందుకని ఒక నీటి సంవత్సరం, అంటే జూన్ 1 నుంచి మే 31 దాకా, మా ఊరి దగ్గర ఆకేరులో రోజూ ఎంత నీరు పారుతుందో కొలిచి రాయాలని మొదలుపెట్టాను. తొమ్మిదో తరగతి చదివే నా బిడ్డ లెక్కలు చూస్తుంది. మా ఊరి చెరువుకు ఒకప్పుడు నీరటిగా, అంటే పొలాలకు నీళ్లు వదిలే మనిషిగా, చేసిన తాత దారి చూపిస్తున్నాడు.

2025 మే 18

చోటు వెతకడానికే ఆదివారమంతా పోయింది. వాగు ఎండి ఉంది. పొద్దున ఆరింటికి ముగ్గురం దిగి నాలుగు కిలోమీటర్లు ఇసుకలో నడిచాం.

కొలిచే చోట వాగు కనీసం యాభై మీటర్లు తిన్నగా ఉండాలి. మలుపు దగ్గరైతే ఒక పక్క ఉరుకుతుంది, ఒక పక్క తిరుగుతుంది, లెక్క కుదరదు. కింద దగ్గరలో చెక్‌డ్యాం ఉండకూడదు, ఉంటే నీళ్లు వెనక్కి ఎగదన్ని పారకుండానే మట్టం పెరుగుతుంది. మా ఊరికి దగ్గరగా ఉన్న మొదటి మూడు చోట్లు ఈ చెక్‌డ్యాంల వల్లే పనికిరాలేదు. చివరికి పాత వంతెనకు ఎగువన ఒక చోటు కుదిరింది. ఒడ్డు నుంచి ఒడ్డుకు 46 మీటర్లు, రెండు పక్కలా గట్టి మొరం.

నడుస్తూ బిడ్డ అడిగింది: "బాపూ, మన నీళ్లు గోదావరికి పోతయా, కృష్ణకు పోతయా?" మంచి ప్రశ్న. వరంగల్, హనుమకొండ నేల ఎద్దు మూపురం లాంటిది. ఉత్తరం వైపు పడిన వాన చలివాగు, మానేరు దారిన గోదావరికి పోతుంది. దక్షిణం వైపు పడింది ఆకేరులోకి దిగి, ఖమ్మం దగ్గర తీర్థాల వద్ద మున్నేరులో కలిసి, నందిగామ దాటి కృష్ణలో పడుతుంది. ఆ మున్నేరుకు మొదలు పాకాల. 1213 ప్రాంతంలో గణపతిదేవుడి కాలాన కట్టిన చెరువు అది. మూపురానికి ఇవతల పుట్టాం కాబట్టి మేం కృష్ణ వాళ్లం.

జూన్ 8

కొలబద్ద పెట్టాం. రెండు అంగుళాల జీఐ పైపు, దానికి ఆరంగుళాల వెడల్పు రేకు. రేకు మీద తెల్ల ఎనామిల్, ఎర్ర గీతలు, సెంటీమీటరుకు ఒకటి. గీతలన్నీ నా బిడ్డే వేసింది, రెండు రాత్రులు పట్టింది. పైపు కింద మూడడుగుల గుంత తీసి కాంక్రీటు పోశాం. రెండు మీటర్లకు పైన ఎత్తులన్నీ వంతెన దిమ్మ మీద రంగుతో గీశాం. దానికి ముందే పంచాయతీ కార్యదర్శిని అడిగాను, ఆయన ఒప్పుకున్నారు.

దిమ్మ మీద ఒక చోట ఉలితో గాటు పెట్టాను. బద్ద ఒరిగినా, కొట్టుకుపోయినా మళ్లీ అదే ఎత్తుకు నిలబెట్టాలంటే కదలని గుర్తు ఒకటి కావాలి. గాటు నుంచి బద్ద సున్నా దాకా ఎత్తు మేస్త్రీల నీళ్ల పైపుతో చూసి మూడు చోట్ల రాసిపెట్టాను: నోటుబుక్కులో, షాపు గోడ మీద, ఫోన్లో.

తర్వాత కలిపి రాసింది: పది రోజులు తిరక్కుండానే ఈ గాటుతో పనిపడింది. ఒక గేదె వీపు గోకడానికి బద్దను ఆనుకుంది, పైపు బెత్తెడు ఒరిగింది. నిలబెట్టి చుట్టూ నాలుగు రాతి కడీలు పాతాం.

జూన్ 29

రుతుపవనాలు మే ఆఖరులోనే వచ్చాయని సంబరపడ్డాం, జూన్‌లో వాన మొహం చాటేసింది. వాగులో నీళ్లు లేవు. బుక్కులో రోజూ "పారకం లేదు" అని రాస్తున్నాం. అది కూడా కొలతే. ఖాళీ వదిలేస్తే చూడలేదా, పారలేదా అని రేపు తెలియదు.

ఈ తీరిక రోజుల్లో చేసిన పని గురించి వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. వరద రాత్రిపూట వస్తుంది. చీకట్లో వాగు దగ్గరికి పోవద్దని ఇంట్లో ముందే ఒప్పందం. మరి మట్టం ఎక్కడిదాకా ఎక్కిందో తెలిసేదెట్లా? రెండంగుళాల పీవీసీ పైపు నిలువుగా దిమ్మకు బిగించాను. కింది మూతకు సన్న బెజ్జాలు, పైమూతకు ఒక గాలి బెజ్జం. లోపల నిండు పొడవున చెక్కపట్టీ. అడుగున గుప్పెడు పొడి. నీళ్లు ఎక్కితే పొడి తేలుతూ ఎక్కుతుంది, దిగేటప్పుడు చెక్కకు అంటుకుని అక్కడే ఉండిపోతుంది. పొద్దున పట్టీ లాగి చూస్తే పొడి గీత ఎక్కడుందో అదే రాత్రి వచ్చిన గరిష్ఠ మట్టం.

ముందు రంపపు పొట్టు వేశాను. బకెట్లో పెట్టి చూస్తే ఒక రాత్రి నానేసరికి బరువెక్కి మునిగింది. పాత సీసా బిరడాలు తెచ్చి షాపులోని గ్రైండర్ మీద అరగదీశాను. బెండు పొడి మూడు రోజులు నానినా తేలుతూనే ఉంది. అదే వేశాం.

జూలై 24

నీళ్లు వచ్చాయి! మూడు రోజుల ముసురు. మా ఇంటి మీది వానమాపకంలో మూడు రోజులకు 86 మిల్లీమీటర్లు. వాగు మాత్రం మొదటి రెండు రోజులు తడి ఇసుకగానే ఉంది. మూడో రోజు మధ్యాహ్నం నురగతో, ఎండుటాకులతో నీళ్లు దిగాయి. సాయంత్రానికి బద్ద మీద 1 మీటరు 10.

పారకం కొలిచే పద్ధతి పుస్తకాల్లో ఉన్నదే. నీళ్లు పారే అడ్డుకొలత విస్తీర్ణాన్ని వేగంతో గుణిస్తే సెకనుకు ఎన్ని ఘనమీటర్లో వస్తుంది. విస్తీర్ణం కోసం ఒడ్డు నుంచి ఒడ్డుకు తాడు కట్టి, రెండు మీటర్లకు ఒక ముడి వేసి, ముడి ముడికీ కర్రతో లోతు చూస్తాం. మోకాలు దాటిన లోతులో ఉరవడి ఉంటే దిగం. వంతెన మీదినుంచి బరువు కట్టిన తాడు వదులుతాం.

వేగానికి ముందు థర్మోకోల్ ముక్కలు వదిలాం. తప్పు. గాలి ఎటు కొడితే అటు పోయాయి. తర్వాత బత్తాయిలు తెచ్చాను. బత్తాయి చాలావరకు మునిగి తేలుతుంది కాబట్టి గాలి దాన్ని నెట్టలేదు. పసుప్పచ్చగా దూరానికి కనబడుతుంది. ఇరవై మీటర్ల దూరానికి రెండు చివరలా దారం కట్టాం. పైన నేను వదిలితే కింద బిడ్డ ఫోన్లో సెకన్లు చూసింది. తొమ్మిది బత్తాయిలు, ఒడ్డుకు దగ్గరగా మూడు, నడుమ మూడు, అటు పక్క మూడు. సగటు 25 సెకన్లు.

అంటే పైనీటి వేగం సెకనుకు 0.8 మీటర్లు. పైన పారినంత వేగంగా అడుగున పారదు, ఇసుక పట్టి ఆపుతుంది. అందుకే 0.85తో గుణించాలి, 0.68 వస్తుంది. పారే వెడల్పు 30 మీటర్లు, సగటు లోతు 60 సెంటీమీటర్లు, విస్తీర్ణం 18 చదరపు మీటర్లు. పారకం సెకనుకు 12.2 ఘనమీటర్లు. ఒక ఘనమీటరుకు 35.3 ఘనపుటడుగులు కాబట్టి సుమారు 430 క్యూసెక్కులు, అంటే సెకనుకు అన్ని ఘనపుటడుగులు.

ఆకేరుకు మేం వేసిన మొదటి అంకె ఇది. ఆ కాగితం దాచుకున్నాం.

ఆగస్టు 6

ముసురు తగ్గింది, మట్టం దిగింది. బద్ద మీద 60 సెంటీమీటర్లు. వెడల్పు 18 మీటర్లు, సగటు లోతు 25 సెంటీమీటర్లు, పైనీటి వేగం అర మీటరు. లెక్క తేలింది 1.9 ఘనమీటర్లు, 67 క్యూసెక్కులు.

ఇప్పటికి ఏడు కొలతలయ్యాయి. వీటిని లాగ్ గ్రాఫు కాగితం మీద, మట్టం ఒక పక్క, పారకం ఒక పక్క పెడితే ఇంచుమించు ఒకే గీత మీదికి వచ్చాయి. దీన్నే ఇంజినీర్లు రేటింగ్ కర్వ్ అంటారు. నదుల మీద కేంద్ర జల సంఘం స్టేషన్లలో చేసేదీ ఇదే: రోజూ మట్టం చూస్తారు, తరచూ పారకం కొలుస్తారు, కొలవని వేళ గీత చెప్తుంది. మున్నేరు మీద కీసరలో అట్లాంటి స్టేషన్ ఉంది. ఇంక నాకు పని తేలికైంది, రోజుకు రెండుసార్లు బద్ద చూస్తే చాలు అనుకున్నాను.

నీరటి తాతకు గ్రాఫు చూపించాను. చాలాసేపు చూసి, "గీత మంచిగున్నది గని, కింద ఇసుక ఊకుంటదా బిడ్డా?" అన్నాడు. ఆ రోజు ఆ మాట లోతు నాకు అందలేదు.

ఆగస్టు 17

రెండు రోజుల్లో 90 మిల్లీమీటర్లు. జూలై వానకూ దీనికీ పెద్ద తేడా లేదు. కానీ వాగు 3 మీటర్ల 30 దాకా ఎక్కింది. బెండు పొడి గీత అక్కడుంది, చేత్తో ముట్టుకుంటే రవ్వరవ్వగా తగిలింది. అంత సంతోషం ఈ మధ్య నాకు ఏ పనిలోనూ కలగలేదు.

ఇంచుమించు అదే వానకు జూలైలో మీటరు, ఇప్పుడు మూడు మీటర్లు ఎందుకు? తాతే చెప్పాడు. మా ఎగువన ఊరూరికీ చెరువే. కాకతీయుల నాటి నుంచి గొలుసుకట్టుగా ఒకదాని మత్తడి (నిండాక నీళ్లు పొర్లిపోయే కట్టడం) నీళ్లు ఇంకోదానిలోకి దిగేటట్టు కట్టారు. జూలైలో చెరువులు ఖాళీ. పడిన వానను అవే మింగాయి, వాగుకు మిగిలింది కొంచెమే. ఆగస్టుకు అన్నీ నిండాయి. పడిన చుక్క పడినట్టే మత్తళ్లు దుంకి వాగుకు వచ్చింది.

"మత్తడి దుంకినంక పడే వానే వాగును లేపుతది. అంతకు ముందు పడ్డది చెరువుల పాలు," అని తాత అన్న మాట బుక్కు మొదటి పేజీలో రాసుకున్నాను. మట్టం ఎక్కిన తీరులో కూడా ఇది కనబడింది. శనివారం పొద్దున ఒకసారి పెరిగి నిలిచింది, అది మా చుట్టుపక్కల వాన. వాన తెరిపి ఇచ్చాక, ఐదారు గంటలకు మళ్లీ పెరిగింది, అది మత్తళ్ల నీళ్లు. వాన ఆగింది కదా అని మోటార్ దగ్గరికి దిగే రైతుకు ప్రమాదం ఈ రెండో పెరుగుడుతోనే. షాపు బోర్డు మీద ఆ సంగతి రాసిపెట్టాను.

సెప్టెంబర్ 9

ఈ రోజు నా గీత విరిగింది.

బద్ద మీద మళ్లీ సరిగ్గా 60 సెంటీమీటర్లు. గీత ప్రకారం 67 క్యూసెక్కులు ఉండాలి. ఊరికే సరిచూద్దామని తాడు కట్టాం. వెడల్పు అంతే, 18 మీటర్లు. కర్ర దింపితే మొదటి ముడి దగ్గరే తేడా తెలిసింది. సగటు లోతు 25 కాదు, 45. ఆగస్టు వరద అడుగు ఇసుకను జానెడు మేర ఊడ్చుకుపోయింది. బత్తాయిలు వదిలి లెక్క వేస్తే 3.6 ఘనమీటర్లు, 126 క్యూసెక్కులు.

అదే గీత, దాదాపు రెండింతల నీళ్లు.

బిడ్డ తప్పు లెక్క వేసిందేమోనని మళ్లీ వేయించాను. మళ్లీ కొలిచాం. అంతే వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆగస్టు 17 తర్వాత నేను బద్ద చూసి రాసిన పారకాలన్నీ తప్పు. ఇరవై మూడు రోజుల అంకెలు ఎర్ర పెన్నుతో కొట్టేశాను. మట్టాలు ఉంచాను, అవి కళ్లతో చూసినవి.

గ్రాఫు మీద ఇప్పుడు రెండు గీతలున్నాయి. పాత గీతకు కుడి పక్కగా కొత్తది. ఇకముందు మీటరున్నర దాటిన ప్రతి వరద తర్వాతా తాడు కట్టి అడుగు చూడాల్సిందే. బండ మీద పారే వాగుకు ఈ తిప్పలు ఉండవు. ఆకేరు ఇసుక మీద పారుతుంది, ఇసుక కదులుతుంది. తాత ఆగస్టులోనే చెప్పాడు, నేను వినలేదు.

సెప్టెంబర్ 21

ఈ వారం వాగు జోలికి పోలేదు, పాత వరదల జోలికి పోయాను.

ఊళ్లో పెద్దవాళ్లు గుర్తుపెట్టుకున్న వరద జాడలన్నీ తిరిగి చూశాం. పోచమ్మ గుడికి ఏడు మెట్లు. 2024లో నీళ్లు మూడో మెట్టు దాకా వచ్చాయని ఊరంతా ఒకే మాట, గుడి గోడ మీద బురద చార కూడా ఉంది. నీళ్ల పైపుతో చూస్తే అది మా బద్ద మీద 6 మీటర్ల 10. ఇంకా పాత జాడ ఒకటి తాత చూపించాడు. మోట కొట్టే రోజుల్లో, తాను పశువులు కాసే వయసులో, గుడి వెనక వేప మొదలు దాకా నీళ్లు వచ్చాయి. అది 6 మీటర్ల 30.

అంటే 2024 కంటే ఆ వరద పెద్దదా? నెల కిందట అడిగితే అవుననేవాణ్ని. ఇప్పుడు అనలేను.

వాగు నడుమ ఊరికి తాగునీళ్లిచ్చిన పాత ఊటబాయి ఉంది. సిమెంటు ఒరలు ఒకదాని మీద ఒకటి దింపి కట్టింది. అది కట్టినప్పుడు పై ఒర ఇసుకకు జానెడు ఎత్తున ఉండేదని, బిందె దింపడానికి ఒరను ఆనుకుని కూర్చునేవాళ్లమని ఆడవాళ్లు చెప్పారు. ఇప్పుడది వాగులో గోపురంలా నిలబడి ఉంది. దగ్గరికి పోయి చూస్తే ఒకప్పటి ఇసుక మట్టం ఇంకా తెలుస్తుంది. ఆ గీతకు పైన సిమెంటు ఎండకు నల్లబడి గరుకుగా ఉంది. కింద లేతగా, నునుపుగా ఉంది, గచ్చకాయంత రాళ్లు కొట్టి కొట్టి చిన్న చిన్న గుంటలు పడ్డాయి. ఆ గీత నుంచి ఈనాటి ఇసుక దాకా టేపు పెట్టాను. 1 మీటరు 40.

రాత్రిపూట ట్రాక్టర్ల మీద పోయిన ఇసుక అది. ఎవరు తోలారో ఊరికి తెలుసు. నేను ఇక్కడ రాయదలచుకున్నది లోతు ఒక్కటే. మీటరున్నర ఇసుక వాగులో ఉన్న రోజుల్లో వేప మొదలు దాకా రావడానికి ఎంత నీరు పట్టిందో, ఇప్పుడు అక్కడికి రావాలంటే అంతకంటే చాలా ఎక్కువ నీరు కావాలి. నడిమి నలభై మీటర్ల వెడల్పుకు 1.4 మీటర్ల ఇసుక నింపితే 56 చదరపు మీటర్ల దారి మూసుకుపోతుంది. కాబట్టి తాత చిన్ననాటి 6.30 కంటే 2024 నాటి 6.10లోనే ఎక్కువ నీళ్లు పారి ఉండొచ్చు. "ఇంతకు ముందు ఇంతకన్నా పెద్దవి చూసినం" అనే ధీమా మా ఊళ్లో చాలామందికి ఉంది. వాళ్లు చూసింది ఎత్తు. అబద్ధం కాదు. కానీ ఆ ఎత్తుకు అడుగు మారింది.

ఇసుక పోవడం వల్ల వరద మట్టం తగ్గుతుంది కదా, మంచిదే కదా అని ఒక రైతు అడిగాడు. ఆయన బాయినే చూపించాను. వాగు అడుగు దిగితే పక్క బాయిల్లో ఊట కూడా దిగుతుంది. ఆయన మోటార్‌కు పోయినేడు రెండు పైపులు అదనంగా దించింది నేనే.

అక్టోబర్ 29

మొంథా తుఫాను రాత్రి కోస్తాలో తీరం దాటింది. వాన మా మీద పడింది. తెల్లవారింది మొదలు ఆగలేదు. మా వానమాపకం 250 మిల్లీమీటర్లు పడుతుంది, రాత్రి ఎనిమిదింటికి పొర్లిపోయింది. అసలెంత పడిందో నా దగ్గర లెక్క లేదు, 250 దాటిందని మాత్రం రాశాను. చెరువులు ముందే నిండి ఉన్నాయి. వరంగల్, హనుమకొండ కాలనీల్లో నీళ్లు నిలిచాయని ఫోన్ల మీద ఫోన్లు.

పగలు వంతెన దాకా పోయి గంటకోసారి చూశాను: పదింటికి 1.40, ఒంటిగంటకు 2.60, నాలుగింటికి 4.10. ఆ తర్వాత పోలేదు. ఒడ్డు రైతులు మోటార్లు మధ్యాహ్నమే లేపుకున్నారు. పదకొండు మోటార్లు. ఒకటి నేనూ పట్టి లాగాను.

అక్టోబర్ 30

బద్ద లేదు. కడీలు కూడా లేవు. దిమ్మ మీది పైపు ఉంది. పట్టీ లాగితే బెండు పొడి గీత 5 మీటర్ల 20 దగ్గర. పోచమ్మ గుడి మొదటి మెట్టు తడిసింది.

అక్క వాళ్లది నందిగామ. పొద్దున్నే బావకు ఫోన్ చేసి, "బావా, మా నీళ్లు మీకు సాయంత్రానికి వస్తయి, జాగ్రత్త" అన్నాను. ఆయన చీకటి పడ్డాక ఫోన్ చేసి, మున్నేరు ఒడ్డు నిండా పారుతోందని, ఇంకా దిగడం మొదలుకాలేదని చెప్పాడు. మా దగ్గర అప్పటికే మూడు మీటర్లు దిగిపోయింది.

మా నేల రాతి నేల, వాలు ఎక్కువ. వాన ఎంత త్వరగా వాగులోకి దిగుతుందో అంత త్వరగా పోతుంది. కింద తీరపు మైదానంలోకి పోయేసరికి వాలు చచ్చి, నీళ్లు నిదానించి, పక్క పొలాల మీదికి పరుచుకుంటాయి. 2023 జూలైలో ఐతవరం దగ్గర హైదరాబాద్–విజయవాడ హైవే మీదికి మున్నేరు ఎక్కి బండ్లు ఆగిపోయింది అందుకే. కృష్ణ నిండుగా పారుతుంటే ఇంకా కష్టం, మున్నేరుకు దిగే దారి లేక వెనక్కి ఎగదన్నుతుంది. ఆ కొసన మట్టం ఒక్కటే చూసి పారకం చెప్పడం మా ఇసుక వాగుకన్నా చిక్కు. అక్కడ అడుగు మారకపోయినా, కింది నది మట్టాన్ని బట్టి అదే గీతకు నీళ్లు మారుతాయి.

నవంబర్ 9

5.20 దగ్గర ఎంత పారింది? ఆ ఉరవడిలో బత్తాయిలు పనికిరావు. పోయిన వరదను జాడలతో లెక్కగట్టే దారి ఒకటుంది. 1889లో మానింగ్ అనే ఐర్లండ్ ఇంజినీరు చెప్పిన సూత్రం. దానికి విస్తీర్ణం, తడిసిన చుట్టుకొలత, నీటివాలు, అడుగు గరుకుదనం కావాలి.

కంచె ముళ్లకు చిక్కిన గడ్డి, చెట్ల బెరడు మీది బురద చార చూసి రెండు వందల మీటర్ల పొడవునా పన్నెండు జాడలకు మేకులు కొట్టాం. నీళ్ల పైపుతో ఒక్కోటి చూస్తే ఎగువకూ దిగువకూ 16 సెంటీమీటర్ల తేడా. విస్తీర్ణం 230 చదరపు మీటర్లు. గరుకుదనం 0.035 అనుకుంటే 437 ఘనమీటర్లు, 15,400 క్యూసెక్కులు. ఒడ్డు తుమ్మలూ పొదలూ లెక్కలోకి తీసుకుని 0.045 అనుకుంటే 12,000. బుక్కులో రెండూ రాశాం. ఒక్క అంకె రాస్తే అందంగా ఉంటుంది గానీ అది మాకు తెలిసినదానికంటే ఎక్కువ చెప్పినట్టవుతుంది.

11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఆ లెక్కన పన్నెండు వేలు ఆరు గంటలు పారినా పావు టీఎంసీ మా వంతెన కింద పోయినట్టు.

రైతులకు ఇప్పుడు జవాబు చెప్తున్నాను: దిమ్మ మీది గీతల్లో 6.10కి ఎర్రచుక్క పెట్టాం, మోటార్ గద్దె దానికి మూరెడు పైన కట్టుకోండి. ఇద్దరు కట్టడం మొదలుపెట్టారు.

డిసెంబర్ 14

కొత్త బద్ద మీద 12 సెంటీమీటర్లు. జూలైలో 20 దగ్గరే పారకం ఆగిపోయేది, ఇప్పుడు 12 దగ్గరా పారుతోంది, అంటే అడుగు ఇంకా దిగింది.

ఇంత సన్న పారకానికి తాడూ బత్తాయీ పనికిరావు. కిందికి కిలోమీటరు దూరంలో పాత కాజ్‌వే, అంటే గొట్టాల మీద వేసిన తక్కువ ఎత్తు వంతెన, ఉంది. ఇసుక బస్తాలతో మిగతా గొట్టాలు మూసి నీళ్లన్నీ ఒకే గొట్టంలోకి మళ్లించి, దాని కింద రెండు వందల లీటర్ల డ్రమ్ము పెట్టాం. 14 సెకన్లకు నిండింది. ఐదుసార్లు చూశాం, 13 నుంచి 15 మధ్యే. సెకనుకు 14 లీటర్లు, అర క్యూసెక్కు. కొలత కాగానే బస్తాలు తీసేశాం, కింద పశువులు తాగాలి.

అక్టోబర్‌లో పన్నెండు వేలు, డిసెంబర్‌లో అర. రెండూ అదే వాగు.

2026 జనవరి 18

ఒక వింత. డిసెంబర్ 20 నుంచి చినుకు లేదు. డ్రమ్ము నిండే సమయం 16 సెకన్లకు పెరిగి, పోయిన ఆదివారం 9కి పడిపోయింది. ఈ ఆదివారం 5. వాన లేకుండా వాగు మూడింతలు పెరిగింది.

తాతను అడిగే పని లేకపోయింది, ఈసారి నాకే తట్టింది. యాసంగికి కాకతీయ కాలువ వదిలారు. నెహ్రూ 1963లో శంకుస్థాపన చేసిన గోదావరి మీది పోచంపాడు, అంటే శ్రీరాంసాగర్, నీళ్లు మూపురం దాటి మా పొలాలకు వస్తాయి. మడుల్లోంచి ఊరినవి, గట్లు పొర్లినవి ఒర్రెల గుండా ఆకేరులో పడుతున్నాయి. కృష్ణ వాళ్లమని మేలో బిడ్డకు చెప్పాను. ఈ జనవరిలో మా వాగులో పారుతున్నది మాత్రం చాలావరకు గోదావరి. కాలువ వారబందీ ప్రకారం, అంటే వంతులవారీగా, వస్తుంది కాబట్టి వదిలిన రోజులు, ఆపిన రోజులు పక్కపక్కన రాస్తే డ్రమ్ము సెకన్లలో ఆ ఎత్తుపల్లాలు కనబడాలి.

అందుకని ఇవాళ్టి నుంచి డ్రమ్ము కొలత వారానికి ఒకసారి కాదు, రోజు విడిచి రోజు. బస్తాలు మోయడానికి బిడ్డ స్నేహితురాళ్లు ఇద్దరు వస్తామన్నారు. కాలువ తూము తెరిచిన తేదీలు చెప్తానని కాలువ చూసుకునే లష్కరు మాట ఇచ్చాడు. మంగళవారం పొద్దున ఆరున్నరకు కాజ్‌వే దగ్గర.